బాబా పెన్నీ, చిట్టెమ్మ చింతపండు

ఆ ఉదయం చిట్టెమ్మ వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం అతిథి వచ్చేలోగా, వచ్చినవాళ్లను కూర్చోబెట్టే మజ్లిస్ గది తళతళలాడించాలి, బాబా మనసు బాగున్నప్పుడు ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ సెలవు అడగాలి. ఊరు చూసి మూడేళ్లయింది. మనవరాలికి నడక కూడా వచ్చేసింది, ఒక్కసారైనా ఎత్తుకోలేదు.

ఎడారి ఊరు అల్ ఖర్జ్‌లో చిట్టెమ్మ పనిచేసే ఇంటి యజమాని బాబాకు పాత అమెరికా నాణేల పిచ్చి. నిన్న దమ్మాం వర్తకుడొకడు 1914 నాటి రాగి పెన్నీ ఒకటి చూసుకోమని ఇచ్చి, బేరం తేల్చుకోవడానికి ఇవాళ మధ్యాహ్నం వస్తానని వెళ్లాడు. ఆ సంగతి తెలియని చిట్టెమ్మకు బల్ల మీద కనబడింది మసిపట్టిన రాగి. రాగి నల్లబడితే గోదావరి ఆడమనిషి చెయ్యి ఊరుకుంటుందా? చింతపండు, ఉప్పు, పీచు. ఐదు నిమిషాల్లో పెన్నీ పెళ్లికూతురిలా మెరిసింది.

చాయ్ కోసం వచ్చిన డ్రైవర్ లింబాద్రి దాన్ని చూసి కప్పు కింద పెట్టేశాడు.

"కొంప ముంచినవక్కా. డి ఏది?"

"డీ ఏంటి తమ్ముడూ?"

"సంవత్సరం అంకెల కింద ఉండే చిన్న అక్షరం. గది ఉంటెనే దానికి ఇలువ. ఆ పెన్నీకి బదులు బాబా నేను నడిపే లాండ్‌క్రూజర్ బండే ఇచ్చేస్తుండు."

"నా సెలవు కాస్తా సింకులో కొట్టుకుపోయింది," అంటూ చిట్టెమ్మ కూలబడింది.

లింబాద్రి వెంటనే డి కోసం సింకు గొట్టం ఊడదీశాడు. కుళాయి కట్టడం మాత్రం మరిచాడు. నీళ్లు వంటగది దాటి, వరండా దాటి, మజ్లిస్ తివాచీ కిందికి చేరాయి. ఇద్దరూ తివాచీ పిండుతుండగా చిట్టెమ్మ చేతిలోని పీచుకే అంటుకుని కనబడింది, నువ్వుగింజలో సగం లేని ఆ డి. లింబాద్రి దాన్ని సూపర్‌గ్లూతో అతికించాడు. మెరుపు పోవడానికి బూటు పాలిష్ పూశాడు. అంతలో గంట మోగింది, వర్తకుడు వచ్చేశాడు.

బాబా తడి మేజోళ్లతోనే కూర్చుని భూతద్దం పట్టాడు. ఒకసారి చూశాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"ఈ అక్షరం తలకిందులుగా ఉందేం?"

గోటితో తాకగానే డి ఊడి వేలికి అంటుకుంది. చిట్టెమ్మ ఏడుస్తూ, వచ్చీరాని అరబ్బీలో జరిగిందంతా చెప్పి, సాక్ష్యంగా చింతపండు ముద్ద చూపింది.

బాబా నెమ్మదిగా వర్తకుడి వైపు తిరిగాడు. "అచ్చులో పడ్డ అక్షరం పులుపుకు ఊడుతుందా? మామూలు పెన్నీకి ముందే అతికించి తెచ్చావన్నమాట."

వర్తకుడు చెప్పుల కోసం వెతికాడు. ఒకటి నీళ్లతోపాటు గేటు దాకా వెళ్లిపోయింది. రెండోదాన్ని చేత్తో పట్టుకుని అతనూ అటే వెళ్లాడు.

బాబా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, అక్కడికక్కడే ఫోన్ తీసి చిట్టెమ్మకు రెండు నెలల సెలవుకు అనుమతి నొక్కేశాడు. లింబాద్రి వెళ్లి బండి స్టీరింగ్‌ను ఒకసారి ముద్దుపెట్టుకుని వచ్చాడు.

బాబా పెట్టిన షరతు ఒక్కటే: పెట్టెలో ఇంకా మూడువందల నాణేలున్నాయి కాబట్టి, వచ్చేటప్పుడు ఐదు కిలోల చింతపండు తేవాలి.