రియాలు రంధ్ర విజయము

స్వస్తి! సముద్రతరంగ పరివేష్టితమును, శుష్కమత్స్య సౌరభ సంభరితమును అగు మహ్దియా పురమున, ఆగస్టు మాసపు ఎండలు మిద్దెలను పెనములుగా మార్చు వేళ, సాయంకాలపు అస్ర్ నమాజు ముగిసి కాఫీ కొట్ల కుర్చీలు నిండుచుండగా, పురాతన నాణెసంచయ ధురంధరుడును, పింఛనుదారుల తిలకుడును అగు షాద్లీ మహావీరుడు ఒక కెమెరాతో ఏ ఘోరసంగ్రామ మొనర్చెనో చెప్పెదను, చెవులొగ్గి వినుడు!

కయ్యమునకు మూలము ఒక వెండి రియాలు. షాద్లీ తల్లి పెళ్లినాడు నుదుటిపట్టీలో కుట్టించుకొన్నది. అందుకై దాని అంచు చెంతనే చిల్లు పొడిపించిరి. ముందునాడు దాని ఫోటోను కాఫీ కొట్టులోని నాణెప్రియుల గుంపుకు పంపగా, అది మసకగా వచ్చుటచే, ఆ గుంపులోని ప్రతిపక్షభయంకరుడు ముంజీ అందరియెదుట ఇట్లు గర్జించెను:

"ఒరేయ్ షాద్లీ, అచ్చుగుద్దిన రియాలైతే అంచున చుక్కలుండాలి, ఏవిరా? అన్నీ అలుక్కుపోయాయి. ఇది కంసాలి పోతపోసిన నకలు. పెళ్లిలో మీ అమ్మకి గిల్టు పెట్టార్రా!"

ఆ మాట షాద్లీ గుండెను కాల్చినది. నాణెమునే చూపుదమన్న, అది గడప దాటరాదని అక్క జుబైదా శాసనము. ముంజీనే పిలుతమన్న, "అమ్మని అంత మాటన్నవాడు నా గడప తొక్కకూడదు" అని రెండవ శాసనము. ఇక స్ఫుటమైన ఫోటో యొక్కటే శరణ్యము. సూర్యుడు క్రుంకి, కాఫీ కొట్టు జనము ఇండ్లకు మరలులోగా పంపనిచో గిల్టన్న మాట ఊరంతయు పాకును.

అంతట వీరుడు మిద్దెపై మేజామీద చేపబొమ్మల గుడ్డ పరచి, టీ గ్లాసును బోర్లించి, తచ్ఛిఖరమున రియాలును ప్రతిష్ఠించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కెను. కెమెరా ఝర్రున ముందునకు, ఝర్రున వెనుకకు పోయి, నాణెమును మంచులో ముంచి, క్రింది గుడ్డపై చేపను పొలుసు పొలుసుగా చూపెను. దూకుటయే వీరధర్మమని అతడింకను దగ్గరకు జరిగెను. మసక యింకను చిక్కనయ్యెను.

"ఓసీ కాచనేత్రీ! కపటదృష్టీ! మాతృలలాట భూషణమును విడిచి మత్స్యమును మోహింతువా? నేడు నీవో, నేనో!" అని అతడు దిక్కులు పిక్కటిల్ల నరచెను.

ప్రక్కనే సంవత్సరమునకు సరిపడ గోధుమరవ్వ కుస్కుస్ గింజలను చేతితో నలిచి, జల్లించి, ఎండబోయుచున్న జుబైదా తలయెత్తెను.

"దాంతో పోట్లాటేంట్రా, దానికి చెవులున్నాయా? ఏదీ, ఇటు చూపించు." తెరను తేరిపార చూచి ఫక్కున నవ్వెను. "ఇది నాణేన్ని చూడట్లేదురా పిచ్చోడా! చిల్లులోంచి కింద చేపని చూస్తోంది."

ఇట్లని ఆ మహాసాధ్వి ఎండిన గింజ నొకదానిని ఏరి చిల్లులో నిలుపబోయెను. షాద్లీ చేయడ్డము పెట్టెను.

"అక్కా, ఆగు! నాణేనికి ఏదీ తగలకూడదు! వేలు కూడా!"

"ఎండిన గింజేరా. అమ్మ నాణేన్ని అమ్మ నేర్పిన కుస్కుస్ ఏం చేస్తుంది?"

గింజ చిల్లులో ఇమిడెను. కెమెరా ఒక్కమారు తడబడి, ఆ గింజను పట్టుకొని, కిచ్‌మని పలికెను. అంచునగల చుక్కలన్నియు వేటికవిగా నిలిచెను! షాద్లీ కన్నులు చెమర్చెను. తల్లి నుదుట మెరసినవి ఆ చుక్కలే. తడవు చేయక ఫోటోను ఫోనున కెక్కించి పంపెను.

సూర్యుడు క్రుంక, మగ్రిబ్ అజాన్ మ్రోగుచుండగా ముంజీ కంఠము ఫోనులో వినవచ్చెను.

"ఒప్పుకున్నాన్రా. అచ్చుగుద్దిన అసలు రియాలే. అమ్మగారి విషయంలో నోరు జారాను, తప్పయింది. కానీ ఆ చిల్లులో గింజ... కొట్లో కొన్నదేనా?"

జుబైదా ఫోను లాగుకొనెను. "ఒరేయ్ ముంజీ! నా చేత్తో చేసిన గింజరా అది! నమ్మకపోతే ఇంకా దగ్గర్నుంచి ఫోటో తీయిస్తా!"

"వద్దక్కా! చూస్తేనే తెలుస్తోంది, చేత్తో చేసిందే!"

జయము! జయము! ఇట్లు ఒక్క సాయంత్రమున రియాలును, కుస్కుస్ గింజయు రెండును అసలైనవేయని మహ్దియా పురము తలవంచి అంగీకరించెను. షాద్లీ ఆ విజయకారక ధాన్యమును వెండి భరిణెలో దాచ నెంచెను గాని, జుబైదా దానిని నాణెమునుండి మెల్లగా ఊడదీసి, ఊది, మరల రాశిలో కలిపివైచెను.