పెండ్లి లేని గట్టిమేళం

ఆ ఉదయం ఏకాంబరం చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. స్నానం, చద్దన్నం, ఆ తరువాత సినిమా. మద్రాసు నుంచి దామోదరం అనే ఆయన కెమెరా, మైకు తీసుకుని కార్వేటినగరం వచ్చాడు. విద్వాంసుల కచేరీ కొంత, తమ గురించి వాళ్లు చెప్పుకునే మాటలు కొంత కలిపి చిత్రం తీస్తున్నాడట. నాదస్వరం వాయించడం ఏకాంబరానికి కొత్త కాదు, మాట్లాడటమే కొత్త. తనకు విద్య నేర్పిన తండ్రి మునెయ్య పేరు ఏ పత్రికలోనూ రాలేదు, ఏ గ్రామఫోను ప్లేటు మీదా లేదు. సినిమాలో ఆ పేరు ఒక్కసారి వినబడితే చాలని అతని ఆశ. చెప్పాల్సిన మాటలు అతను వల్లె వేస్తుంటే విని విని భార్య దేవకమ్మకూ, పెండ్లీడుకొచ్చిన కూతురికీ కూడా నోటికి వచ్చేశాయి.

వసారాలో కచేరీ చక్కగా సాగింది. ఇక మాటలు. యుద్ధం మూలాన ఫిల్ము దొరకడం లేదనీ, ఉన్నది కాస్తేననీ, తప్పు పోకూడదనీ దామోదరం మరీ మరీ చెప్పాడు. చెప్పి, మొదలుపెట్టమన్నట్టు చెయ్యెత్తి ఊపాడు.

పక్కన కూర్చున్న డోలు గంగాధరం బుద్ధెరిగినప్పటి నుంచి పెండ్లిళ్లలో వాయిస్తున్నవాడు. తాళి కట్టే వేళ పెద్దలు చెయ్యి ఊపితే గట్టిమేళం వాయించాలని అతని చేతులకు తెలుసు. వాయించాయి. ఏకాంబరం కూడా మాట మింగేసి నాదస్వరం నోట పెట్టాడు.

"సెయ్యి ఊపితే ఊరికే ఉంటామా సామీ? ముహూర్తం దాటిపోదా?" అన్నాడు గంగాధరం.

రెండోసారి దామోదరం చేతులు వెనక్కు కట్టుకుని తల ఊపాడు. "మా నాయన పోయినప్పుడు..." అని ఏకాంబరం మొదలుపెట్టాడో లేదో డోలు మళ్లీ దద్దరిల్లింది. పెండ్లి పందిట్లో అశుభం మాట వినబడితే మేళంతో కప్పెయ్యడం కూడా ఆ చేతులకు అలవాటే.

రెండు గట్టిమేళాలు విన్న వీధికి ఇక అనుమానం లేకపోయింది. గుమ్మం ముందు మద్రాసు కారు, లోపల కొత్త మొహాలు. ఏకాంబరం కూతురి పెండ్లి గుట్టుగా కానిస్తున్నాడు! పిలవనందుకు కోపం మొహంలో, అక్షింతలు చేతిలో పెట్టుకుని అందరూ వచ్చేశారు. దేవకమ్మ ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. పైగా దామోదరాన్ని చూసి, పెండ్లికొడుకుకు వయసు కాస్త ముదిరిందని గుసగుసలాడుకున్నారు.

మిగిలిన ఆఖరి ఫిల్ము తిరగడం మొదలైంది. ఏకాంబరం నోరు తెరిచాడు. అంతలో జనాన్ని తోసుకుంటూ మేనత్త రుక్మిణమ్మ వచ్చి మైకు ముందు నిలబడింది.

"ఏమిరా, మేనత్తకు సెప్పకుండా పెండ్లి సేస్తావా? మీ నాయన మునెయ్య యాడ వాయించినా నన్ను ముందు కూర్సోబెట్టినాడు. కరువులో తను పస్తుండి, తన కూడు నీకు పెట్టి ఈ నాదస్వరం నేర్పినాడు. ఆ మునెయ్య సచ్చిపోయినాడని కదా నీకింత..."

గంగాధరం చేతులు లేచాయి. ఏకాంబరం రెండింటినీ ఒడిసి పట్టుకున్నాడు. అత్త తిట్టినంతసేపూ, ఫిల్ము అయిపోయేదాకా పట్టు వదల్లేదు. కన్నీళ్లు తుడుచుకుందామన్నా అతనికి చెయ్యి ఖాళీ లేదు.

కొన్నాళ్లకు ఆ సినిమా తిరుపతి టెంటులో ఆడింది. ఏకాంబరం మాట అందులో ఒక్కటీ లేదు. మునెయ్య పేరు మాత్రం వెనకాల బెంచీల మీద కూర్చున్నవాళ్లకు కూడా ఖణీమని వినబడింది.

రుక్మిణమ్మ చూసి వచ్చి, సినిమా బాగానే ఉండాది గానీ పెండ్లి భోజనం ఇంకా పెట్టలేదని చెప్పింది.