సోఫా వీపు, నా వీపు

మా ఇంట్లో మీగడ రంగు లెదర్ సోఫా ఒకటుంది. దాని మీద కూర్చోవడానికి నాకు అనుమతి ఉంది కానీ హక్కు లేదు. కొన్న రోజే మా ఆవిడ షరతు పెట్టింది.

"పేపరు చదువుకోండి, గళ్ళ నుడికట్టు నింపుకోండి. ఒక్క మరక పడిందా, ఆ రోజు నుంచి మీ చోటు స్టూలు మీదే."

స్టూలంటే అటక మీది డబ్బాలు దింపుకునే స్టూలు. వీపు ఆనించడానికి వెనక గాలి తప్ప ఏమీ ఉండదు.

ఆ సోఫాకి జరిగే సేవ నాకు జరిగితే ఈపాటికి నేనూ నిగనిగలాడేవాణ్ణి. వారానికోసారి పొడిగుడ్డ, నెలకోసారి తడిపి గట్టిగా పిండిన గుడ్డ, ఆర్నెల్లకోసారి క్రీము. కొత్తది ఏది పూయాలన్నా ముందు కనపడని చోట రాసి, ఆరాక చూడాలి. ఈ చివరి సూత్రం నాకు కంఠతా వచ్చు. కొంప ముంచింది అదే.

మొన్న మధ్యాహ్నం ఆవిడ తమ్ముడింటికి వెళ్ళింది. నా పెన్ను కనపడక, కుట్టుమిషను సొరుగులో దొరికిన నీలం పెన్నుతో గళ్ళు నింపుతూ కునుకు తీశాను. లేచేసరికి సోఫా చేతి మీద జానెడు గీత.

నా గుండె జారి స్టూలు మీద పడింది.

బావమరిదికి ఫోన్ చేశాను. అతను చెప్పలేని విషయం లేదు, సరిగ్గా చెప్పిన విషయమూ లేదు. నేను పెట్టిన పేరు సలహాల సంచి.

"అక్క పక్కనుందా?"

"లోపలుంది. ఏం పగలగొట్టావు బావా?"

"పగల్లేదు. సోఫా మీద పెన్ను గీత పడింది."

"ఓస్, అంతేనా! గోళ్ళరంగు తుడిచే మందు పెట్టు."

నేనేం తెలివితక్కువవాణ్ణి కాను. ముందు కనపడని చోట చూడాలి కదా. గోడకి ఆనుకున్న సోఫాని ముందుకి లాగి, వెనక్కి దూరి, దాని వీపు మీద రాశాను. రంగు ఊడి సీసామూతంత బట్టతల తేలింది.

రెండో ఫోనుకి టూత్‌పేస్టు అన్నాడు. గరుకు మచ్చ. మూడో ఫోనుకి వెనిగర్. నల్ల మచ్చ. నాలుగో ఫోనుకి, "బూట్లకేసే తెల్ల పాలిష్‌తో గీత కప్పెయ్ బావా" అన్నాడు. అదీ ముందు వీపు మీదే, మిగతా మచ్చల పక్కన రాశాను. ఆరాక అప్పడంలా పెచ్చులు లేచింది.

చేతి మీది గీత మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని నేను ముట్టుకుంటేగా!

సాయంత్రం సోఫాని గోడకి నెట్టి, గీత మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాను. ఆవిడ వచ్చింది, వెనకాలే సలహాల సంచి.

"ఏవండీ, ఒకసారి లేవండి."

"ఇప్పుడే కూర్చున్నా."

"అలా కొయ్యబొమ్మలానా? మోచెయ్యి తియ్యండి."

తీశాను. ఆవిడ గుడ్డ తడిపి, పిండి, ఒక్కసారి తుడిచింది. గీత మాయం!

"అది బట్ట మీద కొలతలు గీసుకునే పెన్నండీ. నీళ్ళతో పోతుంది. మీరు తుడిచి చూళ్ళేదా?"

"నిన్నడక్కుండా దాని మీద చెయ్యి వేస్తానా?" అన్నాను, బుద్ధిమంతుడిలా.

"మంచి పని చేశారు. తమ్ముడూ, ఆ చివర పట్టుకో. కిటికీ ఎండకి సోఫా రంగు మారుతోందండీ. హాలు మధ్యకి జరపాలనే వీణ్ణి తీసుకొచ్చా."

"ఎండ మంచిదోయ్! బలం!"

"లెదర్‌కా?"

"నా తోలుకి."

బావమరిది నన్ను చూశాడు. నేనూ అతన్ని చూశాను. ఇద్దరం చెరో చివర పట్టి సోఫా ఎత్తాం.

దించేసరికి దాని వీపు సరిగ్గా వీధి గుమ్మంకేసి తిరిగింది. వరసగా నాలుగు మచ్చలు.

"ఏంటివి?"

"కనపడని చోట చూడమన్నావుగా."

"ఒకసారి తేడా కొడితే ఆగాలి కదండీ!"

"మందు మారినప్పుడల్లా చూడొద్దూ?"

"అక్కా, దీనికో చిట్కా ఉంది..." అని సంచి మూతి విప్పబోయింది. ఆవిడ ఒక్క చూపు చూసింది. సంచి మూసుకుని ఇంటికెళ్ళింది.

ఆవిడ కోప్పడలేదు. ఆ సోఫా మీదే కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత వెళ్ళి స్టూలు తెచ్చి సోఫా వెనక వేసింది.

ఇప్పుడు నా చోటు అదే. మచ్చలకి వీపు ఆనించి, గుమ్మంకేసి చూస్తూ గళ్ళు నింపుతాను, పెన్సిల్‌తో. అవతలి వైపు ఆవిడ. ఆధారాలు నేను చదువుతాను, జవాబులు ఆవిడ చెబుతుంది. నిజం చెప్పొద్దూ, వెనక మెత్తగా హాయిగా ఉంది. వచ్చినవాళ్ళకి తేడా తెలియకూడదని మీగడ రంగు చొక్కా కూడా కొనిచ్చింది.

పొద్దున ఆ చొక్కా జేబు మీద కాఫీ ఒలికింది. ఆవిడకింకా చెప్పలేదు. టూత్‌పేస్టు పట్టుకుని, చొక్కాలో కనపడని చోటు వెతుకుతున్నాను.