గాజు పట్టీ పగిలిన మంగళవారం

ఆ మంగళవారం పొద్దున అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ ఆయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తోడల్లుడి ఇంటికి వెళ్లాలి, హాల్లో గోడ మీది బీటను చూడాలి, చూస్తున్నట్టే చూస్తూ దాని మీద అంటించిన గాజు పట్టీని బొటనవేలితో పుటుక్కున విరిచేయాలి. అంతే. అందులో అపార్టుమెంటు మొత్తం రోడ్డున పడే ముచ్చట ఎక్కడా లేదు.

ఆయన ఉద్యోగం ఒక బిల్డరు తరఫున ఫిర్యాదులకు జవాబు చెప్పడం. ఇల్లు కొన్నవాళ్లు గోడ చెమ్మగిల్లిందనో, తలుపు పట్టడం లేదనో నోటీసు పంపుతారు. వాళ్లు కోర్టు గుమ్మం ఎక్కేలోపు బిల్డరు మనిషి వచ్చి చూసుకోవచ్చు. ఆ మనిషి ఈయనే. వస్తారు, టార్చి వేస్తారు, గోడకు చెవి ఆనించి డాక్టరులా వింటారు, చివరికి "ఇది కట్టుబడి లోపం కాదండీ, వాడకం లోపం" అంటారు. గోడ చెమ్మగిల్లితే మీరు స్నానం ఎక్కువసేపు చేస్తున్నారు. తలుపు పట్టకపోతే దాన్ని మీరు ఊరికే తెరుస్తున్నారు. ఇళ్లలో మనుషులు కాపురం ఉండటమే ఇళ్లకు పట్టిన పీడ అన్నట్టుండేది ఆయన వాదన. జనం పేరు మరిచిపోయి "వాడకంగారు" అని పిలవడం మొదలుపెట్టారు. ఆయనా పలికేవారు.

ఆఫీసులో కోటు విప్పినట్టు ఈ మాట విప్పేసి ఇంటికి వస్తే గొడవే లేకపోయేది. స్నానాలగదిలో కుళాయి కారుతోందని భార్య చెప్పీ చెప్పీ విసిగిపోయింది. ఒకరోజు ఆ నీళ్లలోనే కాలు జారి పడింది. అయ్యో అంటూ పరుగెత్తాల్సిన మొగుడు గుమ్మంలో నిలబడి, "చెప్పులు వేసుకున్నావా? లైటు వేసుకునే వెళ్లావా?" అని అడిగారు.

ఆవిడ నడుము పట్టుకుని తనే లేచింది. "నా నడుముది కూడా వాడకం లోపమేనాండీ?" అంది. ఆ సాయంత్రానికే పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక గానీ ఆ ఇంట్లో ఎన్ని గదులున్నాయో ఆయనకు తెలిసిరాలేదు. కాఫీ రెండు కప్పుల్లో పోసేవారు, రెండోది చూసి గతుక్కుమనేవారు. ఆవిడ దువ్వెన కిటికీ దగ్గర ఎలా ఉందో అలాగే ఉంచారు. కుళాయినీ బాగుచేయించలేదు. ఆయన వృత్తిలో ఒక కట్టుబాటుంది: తగువులో ఉన్న లోపాన్ని ఇరుపక్షాలూ కలిసి చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అందుకని కింద బకెట్టు పెట్టి, ఆవిడ వచ్చి తన పక్కన నిలబడి చూసే రోజు కోసం కాచుకున్నారు. పడుకున్నాక బకెట్లో చుక్కలు పడే చప్పుడు వినిపిస్తుంటే ఆవిడ లేదన్న సంగతి ఇంకా గట్టిగా వినిపించేది. పాపం, పిచ్చి మనిషి, రమ్మని ఒక్క మాట అడిగితే పోయేదానికి!

సరిగ్గా అప్పుడే తోడల్లుడి నోటీసు ఆఫీసుకు వచ్చింది. భార్య చేరిన ఆ అక్కగారి మొగుడే ఈ తోడల్లుడు, వాళ్ల అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడు. హాల్లో గోడ బీటలిచ్చింది, బిల్డింగు కుంగుతోంది, తేల్చకపోతే అందరం కోర్టుకెళ్తాం అని దాని సారాంశం. "నేను చూసుకుంటాను" అని వాడకంగారు ముందుకు దూకారు. అది తన తోడల్లుడి ఇల్లని బిల్డరుకు చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి!

బీట పెరుగుతోందో లేదో తేల్చడానికి దాని మీద అడ్డంగా సన్నని గాజు పట్టీ అంటిస్తారు. గోడ కదిలిందా, గాజు ఫట్టుమంటుంది. కదలకపోతే నిక్షేపంగా ఉంటుంది, కొన్నాళ్లు చూసి ఫైలు మూసేస్తారు. వాడకంగారు పట్టీ అంటించి ప్రతి మంగళవారం వచ్చి చూస్తానన్నారు. నెలకోసారి చూస్తే చాలని బిల్డరు అంటే, "అశ్రద్ధ పనికిరాదు" అని ఆయన్నే గదమాయించారు.

అలా ప్రతి మంగళవారం భార్య చేతి కాఫీ దొరికింది. ఆవిడ కప్పు తెచ్చి, చెంచా వేసి కలిపి, బల్ల మీద పెట్టేది.

"పంచదార సరిపోయిందా?"

"సరిపోయింది. నడుము ఎలా ఉంది?"

"ఉంది."

ఇంతే సంభాషణ. దీనికోసం ఆయన వారమంతా ఇస్త్రీ చొక్కా దాచుకునేవారు. ఆ గోడ కిందే దివాను, దాని మీద ఆవిడ మడిచిపెట్టుకున్న దుప్పటి. బీటను చూసే వంకతో ఆ దుప్పటిని చూసి, పక్కలో ఖాళీ తలుచుకుని ఇంటికెళ్లేవారు. ఆవిడ కూడా కాఫీ ఇచ్చి లోపలికి పోకుండా, దులిపిన బల్లనే మళ్లీ దులుపుతూ అక్కడే తచ్చాడేది. గోడల్లో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషికి అది మాత్రం కంటికి ఆనలేదు.

ఈ మంగళవారంతో గడువు అయిపోయింది. గాజు బాగుంటే సంతకం పెట్టి ఫైలు మూయాలి. ఇంక రావడానికి వంక ఉండదు. గడ్డం గీసుకుంటూ ఆయన ముందు ఒక మాట అనుకుని చూశారు. "ఇంటికి రా" అందామని నోరు తెరిస్తే, "తమరి ఫిర్యాదును పరిశీలించిన మీదట…" అని వచ్చింది. రెండోసారీ అదే తంతు. ఇది అయ్యే పని కాదని, బొటనవేలునే నమ్ముకుని బయల్దేరారు.

తోడల్లుడి ఇంట్లో అందరూ ఉన్నారు. "రండి మరిదిగారూ, ఇవాళతో మా గోడకు మీ పీడ విరగడైనట్టేగా" అని వదినగారు నవ్వింది. భార్య వంటింటి గుమ్మంలో కాఫీ కలుపుతోంది. ఆయన వేలు సిద్ధం చేసుకుని దివాను పక్కకు వంగి, టార్చి వేసి చూశారు.

గాజు అప్పటికే పగిలి ఉంది.

మొదట ప్రాణం లేచి వచ్చింది. ఇంకొన్ని మంగళవారాలు! మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. తను ముట్టనే లేదు. మరైతే విరిచింది ఎవరు? గోడే. అంటే గోడ కదులుతోంది. అంటే బిల్డింగు నిజంగానే కుంగుతోంది. దాని కిందే కదా మా ఆవిడ రోజూ పడుకుంటున్నది!

"నడవండి! అందరూ బయటికి నడవండి!" అని ఆయన పెట్టిన కేకకు వదినగారి చేతిలో పళ్లెం కింద పడింది.

"ఏవండీ, నేను చెప్పేది కాస్త…" అంది భార్య.

"కిందికి దిగాక చెబుదువుగాని!"

"అది కాదండీ, ఆ గాజు…"

"గాజు సంగతి నాకు తెలుసు, పద!" అని ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కెళ్లారు. ఆ చెయ్యి అలా పట్టుకుని ఎన్నాళ్లయిందో. ఆవిడ చెప్పబోయింది కాస్తా గొంతులోనే ఉండిపోయింది. మెట్లన్నీ అయిపోయినా ఆయన వదల్లేదు, ఆవిడ విడిపించుకోలేదు.

ఇక తోడల్లుణ్ణి పట్టడం ఎవరి తరం? "బిల్డరు మనిషే ఒప్పుకున్నాడు! బిల్డింగు పడిపోతోందని వాడకంగారే అన్నాడు!" అని ప్రమాదపు గంట నొక్కిపట్టాడు. ఏ లోపాన్నీ ఒప్పుకోని మనిషే పడిపోతోందన్నాడంటే ఇక ఆలోచించేదేముంది? అంతస్తులన్నీ గుల్లయ్యాయి. ఒకాయన సగం గీసిన గడ్డంతో దిగాడు. ఒకావిడ చేపల తొట్టె ఎత్తుకుని, నీళ్లు ఒలక్కుండా ఒక్కో మెట్టూ తడుముకుంటూ వెనకాలవాళ్ల చేత తిట్లు తింటూ వచ్చింది. పైఅంతస్తు తాతగారు ఇల్లంతా వదిలేసి టీవీ రిమోటు ఒక్కటి పట్టుకొచ్చారు.

కబురు అందిన బిల్డరు ఆగమేఘాల మీద ఇనప జాకీలు లారీలో వేయించుకుని వచ్చాడు, కుంగే బిల్డింగును ఎత్తిపట్టడానికి. ఆ హడావుడిలో లారీ వెనక్కి వచ్చి గేటు స్తంభాన్ని ఒక్క గుద్దు గుద్దింది. స్తంభం కూలింది, దాని కింద మంచినీళ్ల పైపు పగిలింది. నీళ్లు ఎగజిమ్మి కార్లు పెట్టే చోటంతా మడుగు కట్టింది.

"పునాదిలోంచి నీళ్లొస్తున్నాయిరోయ్!" అని ఎవరో అరిచారు. దాంతో పక్క బిల్డింగువాళ్లు కూడా దిగి రోడ్డు మీదికొచ్చారు. ఎలాగూ వచ్చాం కదా అని తమ వంటింటి తలుపుల సంగతీ, కిటికీ రెక్కల సంగతీ బిల్డరుకు అక్కడే విన్నవించుకోసాగారు.

మోకాలిలోతు నీళ్లలో నిలబడి బిల్డరు వాడకంగారి చొక్కా పట్టుకున్నాడు. "ఏమయ్యా, నిన్ను పెట్టుకున్నది 'కాదు, లేదు' అని చెప్పడానికి. నువ్వే బిల్డింగు పడిపోతోందని చాటింపు వేస్తావా?"

"మా మరిదిగారిని వదలండి!" అని వదినగారు అడ్డం వచ్చింది.

"మరిదా!" బిల్డరు నోరు తెరుచుకుపోయింది. "ఇది నీ తోడల్లుడి ఇల్లా! ఎంత నాటకమయ్యా! అందరూ కూడబలుక్కుని నా కొంప ముంచుతారా?"

ఈలోగా బిల్డరు వెంట వచ్చిన ఇంజినీరమ్మ తన పరికరాలన్నీ పట్టుకుని పైకెళ్లింది. చాలాసేపటికి తాపీగా దిగివచ్చింది. "గోడ వెంట్రుకంత కూడా కదల్లేదు. పైపూత ఎండినప్పుడు వచ్చిన బీట అది. మేకు కొట్టుకోవచ్చు, పటం తగిలించుకోవచ్చు. గాజు మాత్రం దానంతటది పగల్లేదు, ఎవరో కొట్టారు."

అందరూ మళ్లీ పైకి ఎక్కి హాల్లో గుమిగూడారు. వాడకంగారు అలవాటు కొద్దీ టార్చి వేశారు. పగిలిన చోట గాజు మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. వేలితో తాకి చూశారు. జిగటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాఫీ వాసన.

ఆయన మెల్లగా తల తిప్పారు. భార్య వంటింటి గుమ్మానికి ఆనుకుని, చేతిలో చెంచా వెనక్కి దాచుకుని నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఫైలు మూసేస్తారని ఆవిడకూ తెలుసు. ఈయన బొటనవేలు సిద్ధం చేసుకుంటుంటే, ఆవిడ చెంచాతో కానిచ్చేసింది. మంగళవారం కోసం ఈ ఇంట్లో కూడా ఒకరు వారమంతా ఎదురుచూస్తున్నారని ఆయనకు అప్పుడు తెలిసింది.

"చీమలు పట్టాయి చూశారా!" బిల్డరు గంతేశాడు. "ఇంట్లోవాళ్ల పనే ఇది! వాడకంగారూ, మీ నోటితో ఆ ఒక్క మాట అనండి. వాడకం లోపం అనండి. కేసు పోతుంది, మీ ఉద్యోగం ఉంటుంది."

ఆయన జన్మలో ఒకే ఒక్కసారి అది అక్షరాలా నిజంగా వాడకం లోపం. సాక్ష్యం చీమలతో సహా కళ్లెదుట ఉంది. వాడకంగారు నోరు తెరిచారు. పొద్దుటిలా ఆఫీసు ఉత్తరాల భాష వస్తుందేమోనని భయపడ్డారు గానీ, రాలేదు.

"నేనే కొట్టాను. తప్పు నాది" అన్నారు.

"ఎందుకయ్యా?" అన్నాడు బిల్డరు.

"ఫైలు మూసేస్తే ఈ ఇంటికి మళ్లీ రావడానికి వంక ఉండదు. మా ఆవిడ ఇక్కడుంది. పడిపోయినప్పుడు లేవదీయకుండా చెప్పులు వేసుకున్నావా అని అడిగాను. ఆ తప్పూ నాదే. ఆవిడ లేకుండా నేను ఉండలేకపోతున్నాను. ఇంట్లో ఏమీ బాగాలేదు."

వదినగారు ముక్కు చీదింది. చేపల తొట్టె పట్టుకున్నావిడ కూడా చీదింది.

"ఆయన ఉత్త అబద్ధాలకోరు!" అంటూ భార్య జనాన్ని తోసుకుని వచ్చి చెంచా చూపించింది. "కొట్టింది నేను. పొద్దుటినుంచీ చెబుదామంటే వినిపించుకుంటేనా! తప్పు నాది."

"నాదంటున్నానా!"

"కాదండీ, నాది!"

బిల్డరు దివాను మీద కూలబడ్డాడు. "ఇన్నేళ్ల వ్యాపారంలో తప్పు నాదని అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఇవాళ ఇద్దరు పోటీ పడుతున్నారు" అని తల పట్టుకున్నాడు. ఆ తర్వాత వాడకంగారి ఉద్యోగం అక్కడికక్కడే పీకేశాడు. ఆ బిల్డింగులో తేలిన అసలు లోపాలు రెండే, కూలిన స్తంభం, పగిలిన పైపు. రెండూ బిల్డరు లారీ చేసినవే. తోడల్లుడు నవ్వు ఆపుకుంటూ వాటికి నోటీసు తయారుచేసుకున్నాడు. దానికి తగిన మనిషి ఖాళీగా ఉన్నాడని, మర్నాడే వాడకంగారిని సంఘం తరఫున మాట్లాడటానికి కుదుర్చుకున్నాడు.

అదంతా మర్నాటి మాట. ఆ సాయంత్రం మాత్రం భార్యాభర్తలు పెట్టె చెరోవైపు పట్టుకుని ఇంటికి వచ్చారు. ఆవిడ కిటికీ దగ్గర దువ్వెన చూసింది, రెండో కప్పు చూసింది. తిన్నగా స్నానాలగది గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. కుళాయి కారుతోంది, కింద బకెట్టు ఉంది.

"ఇన్నాళ్లూ బాగుచేయించలేదా?"

"ఇద్దరం కలిసి చూడాలిగా."

ఆవిడ ఆయన భుజానికి తల ఆనించి చాలాసేపు చూసింది. "చూశాంగా, ఇంక బాగుచేయండి" అంది.

ఆయన ఉత్సాహంగా చొక్కా చేతులు మడిచి, పానా తెచ్చి బలంగా ఒక్క తిప్పు తిప్పారు. కుళాయి కుళాయంతా ఊడి చేతిలోకి వచ్చింది, నీళ్లు ఇద్దరినీ నిలువునా తడిపేశాయి.

ఆవిడ మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, ముఖం తుడుచుకుంది గానీ, అది వాడకం లోపమని మాత్రం అనలేదు.