తుండు కింద కారు బేరం

యుద్ధం అయిపోయిన కొత్తలో బళేపేట గాజుల అంగడి సొన్నప్పకు కారు కొనాలని బుద్ధి పుట్టింది. కొనడానికి భయం లేదు. భయమంతా పెళ్లాం కదిరమ్మకు ధర తెలుస్తుందనే. తెలిస్తే ఆ మహాతల్లి ఏడాదిపాటు చారుతో పాటు దాన్నే వడ్డిస్తుంది.

అందుకే బాగా ఆలోచించి, వెంట వస్తానన్న ఆమెను నంజప్ప దగ్గరికి తీసుకుపోయాడు. నంజప్ప మొన్నటిదాకా ఎద్దుల దళారి, ఇప్పుడు పాత కార్లు అమ్ముతున్నాడు. సరుకు మారినా పద్ధతి మారలేదు. తుండు కప్పి, దాని కింద అవతలివాడి వేళ్లు పట్టుకోవడమే బేరం. వేలుకు వంద. పక్కనున్న పెళ్లానికి ఏమీ తెలియదు.

నంజప్ప కారు ముందు హ్యాండిలు పెట్టి తిప్పాడు. అది దగ్గి దగ్గి లేచింది.

"దీనికి వయసెంతన్నా?" అంది కదిరమ్మ.

"ఇంకా పడుచుదేనమ్మా."

"పడుచుదానికి ఇంత దగ్గేమి?"

"నీకెందుకే, ఇది మగోళ్ల బేరం," అని సొన్నప్ప తుండు కప్పాడు.

మూడు వేళ్లు పట్టాలని ఇంటి దగ్గర్నుంచి అనుకుంటూనే వచ్చాడు. తీరా చెయ్యి చేతిలో పడేసరికి, ఇరవై ఏళ్లుగా ఆడవాళ్లకు గాజులు తొడిగిన చేతులు ఊరుకుంటాయా? నంజప్ప బొటనవేలు లోపలికి మడిచి, ఐదు వేళ్లూ దగ్గరికి చేర్చి, మెత్తగా పిసికాడు.

ఐదు వందల లెక్క పడేసరికి నంజప్ప మొహం వెలిగిపోయింది. సొన్నప్పకు పొరపాటు తెలిసింది. కాదనాలంటే ధర పైకి చెప్పాలి, చెబితే కదిరమ్మ వింటుంది. మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

"బయానా ఇంకా ఇయ్యలేదు కదన్నా," అంది కదిరమ్మ నిదానంగా. "మా ఇంటాయన ఎవురు చెయ్యిచ్చినా గాజు తొడిగినట్ల పిసుకుతాడు. అది ధర కాదు, అలవాటు."

నంజప్ప తన చెయ్యి చూసుకున్నాడు. "నేనూ అనుకొంటినమ్మా, బేరం ఇంత మెత్తగా ఉండాదేమని."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. సొన్నప్పకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

"మా నాయన సర్జాపుర సంతలో ఎద్దుల బేరగాడు. చెల్లెలనుకొని చెయ్యియ్యన్నా," అని కదిరమ్మ తుండు అందుకుంది.

తుండు కాసేపు కదిలింది. నంజప్ప మొహం వాడింది, బతిమాలింది, చివరికి ఒప్పుకుంది. సొన్నప్ప డబ్బు సంచి ఆమె చేతికే ఇచ్చాడు. తుండు చాటునే నంజప్పకు ఇవ్వగా మిగిలింది కొంగులో ముడి పడింది.

నంజప్పే కారు తోలుతుంటే, వెనక సీట్లో సొన్నప్ప గొంతు తగ్గించి అడిగాడు. "ఎంతకు తెగిందే?"

"పక్కన నిలబడినోళ్లకు చెప్పే మాట కాదులే," అంది కదిరమ్మ.

బళేపేటలో కారు దిగగానే వీధంతా మూగింది. ఎదురంగడి వెంకటరాయప్ప అందరికన్నా ముందు వచ్చి, "ఎంతకు కొంటివి సొన్నప్పా?" అన్నాడు.

సొన్నప్ప కారు మీద లేని దుమ్మును తుండుతో తుడుస్తూ, తలెత్తకుండానే చెప్పాడు. "మా ఇంటామెను అడుగప్పా."