అట్టముక్కలో కాలవగట్టు

కాపురానికొచ్చిన కొత్తలో సీతారత్నానికి ప్రతిదీ ముద్దుగానే ఉండేది. అద్దెయింటి వీధరుగు ముద్దు. అరుగు ముందు పారే పంటకాలవ ముద్దు. కాఫీ గ్లాసులో అడుగున మిగిలిన తియ్యటి గుక్క ఆమెకి వదిలిపెట్టి, అదేదో తనకి గిట్టనట్టు మొహం పెట్టే మొగుడు కామేశ్వరరావు మరీ ముద్దు. ఆ ఉదయానికి ఆమె వేసుకున్న ఏర్పాటు కూడా చాలా తేలికైనదే. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే అరుగు మీద కూర్చుని అవతలి గట్టును బొమ్మ గీయాలి. సాయంత్రం టపా కట్టేలోగా పోస్టులో పడెయ్యాలి. ఆ తరవాత ఇద్దరూ కలిసి టూరింగు టాకీసుకి వెళ్ళాలి.

ఆమె కాకినాడలో బి.ఏ. చదివింది. చదువుతున్నన్నాళ్ళూ పుస్తకాల అంచుల మీద బొమ్మలే వేసింది. పెళ్ళయ్యాక కామేశ్వరరావు ఆ అంచులు చూసి, పాఠాల కంటే ఇవే బాగున్నాయని, మద్రాసులో పోస్టు ద్వారా బొమ్మలు నేర్పే ఒక బడిలో చేర్పించాడు. పాఠాలు టపాలో వచ్చేవి, బొమ్మలు టపాలో వెళ్ళేవి. ఇప్పుడు ఆఖరి బొమ్మ మిగిలింది. 'మీ ఊళ్ళో మనుషులు మసిలే చోటొకటి ఎదురుగా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు గీయండి' అని మద్రాసువారు రాశారు. ఇందులో మొదటి తరగతి వచ్చినవారికి, ఆ బడివారే అచ్చువేయబోయే పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు వేసే పని ఇస్తామన్నారు. తన బొమ్మ అచ్చులో చూసుకోవడమన్నది తలచుకుంటేనే సీతారత్నానికి కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. పంపడానికి ఆ రోజే గడువు.

"ఏవండీ, కాగితం కింద పెట్టుకోడానికి పలకేదండీ?" అంది.

"ఆఫీసులో ప్లాన్లు పెట్టుకునే పలక తెచ్చేను. ఓవర్సీరుగారు సెలవులో ఉన్నారు గనక సరిపోయింది. సాయంత్రానికి మళ్ళీ చేర్చకపోతే దాని బదులు నా తలకాయ ఇవ్వాలి."

"మీ తలకాయ వాళ్ళకెందుకండీ! దాని మీద కాగితం నిలవదు, గుండ్రంగా ఉంటుంది."

కామేశ్వరరావు కాలవల ఆఫీసులో గుమాస్తా. తలకాయ తడుముకుంటూ, నవ్వుకుంటూ సైకిలెక్కాడు.

అవతలి గట్టు బొమ్మకోసమే పుట్టినట్టుండేది. ఒకవైపు వీరాయమ్మ అట్ల పాక, దాని కప్పు మీద గుమ్మడిపాదు. మరోవైపు తాతబ్బాయి కొబ్బరికాయల రాశి. రెండింటికీ నడుమ రామ్మూర్తిగారి గేదెల సావిడి, తాటాకు కప్పు ఒక పక్కకి ఒరిగి, చెవి మీదికి టోపీ జారినట్టు. నిజానికి ఆ గట్టంతా సర్కారుది. ఆ సంగతి గట్టుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఖాళీ చెయ్యమని కాలవల ఆఫీసువారు ఏటేటా నోటీసులు పంపుతూనే ఉండేవారు. వీరాయమ్మ వాటితో పొయ్యి రాజేసేది. రామ్మూర్తిగారు మర్యాదస్తులు గనక అందినట్టు జవాబు రాసేవారు.

సీతారత్నం గొడుగు కట్టుకుని, పీట మీద కూర్చుని, పాఠంలో చెప్పినట్టే మొదలుపెట్టింది. ఒక అట్టముక్కలో చదరంగా కన్నం కోసి, దాన్ని ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూడాలి. కన్నంలో పడిందే బొమ్మ, మిగతా లోకంతో పనిలేదు. ఆ తరవాత పెన్సిలుని చెయ్యి చాచి నిలువుగా పట్టుకుని, దాని మీద బొటనవేలు జరుపుతూ, పాక ఎత్తెంత, సావిడి వెడల్పెంత కొలిచి కాగితం మీద గుర్తులు పెట్టుకోవాలి.

అవతల వీరాయమ్మ అట్లకాడ ఆపింది.

"అప్పలరాజూ, గుమాస్తాగోరింటి అమ్మాయిగోరు ఏటలా మనకేసి కన్ను కొడతన్నారు?"

అప్పలరాజు కాలవ లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం అతని పని. అతనికి తెలియని సంగతులు చాలా ఉండేవి గానీ, తెలియదని చెప్పడం మాత్రం చేతనయ్యేది కాదు. అట్టు తుంచుకుంటూ ఇవతలికి పరికించి చూశాడు. పలక చెక్క మీద తెల్లగా పి.డబ్ల్యు.డి. అక్షరాలు కనబడ్డాయి.

"కన్ను కొట్టడం కాదే, కొలత! ఆ పలక మా ఆఫీసుది. ఆ అచ్చరాలు నేనెరగనా?"

"మరా అట్టముక్క?"

అప్పలరాజు ఒక్క క్షణం నమిలాడు. "అదే అసలుది. మద్రాసు నించి కొత్తగా వచ్చింది. ఆ కన్నంలో ఎంత కనపడితే అంతా సర్కారు కింద జమ. నాకు ముందే తెలుసు. సెప్పకూడదని ఊరుకున్నాను."

"ఆడకూతుర్నెట్టి కొలిపిత్తారేటి?"

"గుమాస్తాగారొస్తే నువ్వు అట్లకాడ తియ్యవూ? అందుకే అమ్మాయిగార్ని కూకోబెట్టేరు. పైవోళ్ళ తెలివి అట్టాగుంటది."

వీరాయమ్మ అట్టు మాడిపోయింది.

సీతారత్నం పాక ముందున్న బల్లనీ, దాని మీద కూర్చుని తింటున్న ఇద్దరినీ ముచ్చటగా గీసింది. తలెత్తి చూసేసరికి బల్ల లేదు. ఆ ఇద్దరూ ఆకులు చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నారు. ఉన్నది ఉన్నట్టు గీయాలి గదా, పాపం బల్లను రబ్బరుతో చెరిపింది. కప్పు మీద గుమ్మడికాయలు గీసింది. తలెత్తేసరికి కాయలు లేవు. మళ్ళీ తలెత్తేసరికి పాదే లేదు. ఆమె కళ్ళు నులుముకుని, రాత్రి చదువు తగ్గించాలి కాబోలనుకుంది.

ఈలోగా కబురు తాతబ్బాయికి చేరింది. అతను అట్టముక్క ఏ వైపుకుందో గమనించి, కొబ్బరికాయలన్నీ రెండో వైపుకి మోయించాడు. ఆ వైపు బోసిపోయిందని సీతారత్నం అట్టముక్కని ఇటు జరిపింది. కాయలు మళ్ళీ కన్నంలో పడ్డాయి.

"అమ్మ బాబోయ్, ఇటు తిరిగింది! ఎత్తండ్రా, ఎత్తండి!"

కాయలు మళ్ళీ అటు వెళ్ళాయి. కుదురైన బొమ్మకోసం ఆమె అట్టని జరపడం, కుదురైన చోటుకోసం తాతబ్బాయి రాశిని జరపడం. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆ కొబ్బరికాయలు చెట్టు మీద నించి దిగిన దూరం కంటే గట్టు మీద తిరిగిన దూరమే ఎక్కువైంది.

అప్పుడు రామ్మూర్తిగారు కండువా సర్దుకుని, అరటిపళ్ళ అత్తం చేత్తో పట్టుకుని, తాటిదూలాల వంతెన మీదుగా ఇవతలికొచ్చారు.

"ఏమ్మా, కులాసాయేనా? ఇవి మా పెరట్లో చక్రకేళి. ఏదో పిల్లలు, కొత్త కాపురం, నోరు తీపి చేసుకుంటారని."

"ఆయ్, కులాసాయేనండి బాబాయిగారూ! మీకెందుకండీ శ్రమ?" అంది సీతారత్నం. ఈ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళో అని ఆమె మనసు వెన్నయిపోయింది.

రామ్మూర్తిగారు పలకకేసి చూడకుండా చూశారు. "మా సావిడి కూడా పడిందామ్మా అందులో?"

"పడకేమండీ! నడిమధ్యన అదే. మిగతావన్నీ దాని చుట్టూ చిల్లర."

రామ్మూర్తిగారి మొహం చిల్లరైపోయింది. "అబ్బే, అదో పాత కొంప. మా తాతగారి నాటిది. దాన్ని వదిలెయ్యడానికేమన్నా వీలుందేమోనని..."

పాత సావిడి బొమ్మలో పడితే నామోషీ కాబోలని సీతారత్నం అనుకుంది. ఓదార్పుగా, "పాతదవడమే కదండీ దాని అందం! అలా పక్కకి ఒరిగిన సావిడి ఇంకెక్కడా దొరకదు. దాన్ని వదిలేస్తే మద్రాసువాళ్ళు అసలొప్పుకోరు" అంది.

"మద్రాసా!"

అప్పటికింకా మనకి రాజధాని మద్రాసే. గవర్నరుగారుండేదీ అక్కడే, మంత్రులుండేదీ అక్కడే.

"అమలాపురంలో ఆగదామ్మా? పోనీ కాకినాడలో?"

"ఎక్కడా ఆగదండీ. ఈ సాయంత్రం టపాలో తిన్నగా మద్రాసే."

"ఓ వారం పోయాక పంపితేనో?"

"ఇవాళే ఆఖరండీ."

రామ్మూర్తిగారు వచ్చినప్పుడు నడిచి వచ్చారు. వెళ్ళినప్పుడు అలా వెళ్ళలేదు.

ఆ తరవాత కాసేపటికి సీతారత్నం ముందున్న కాగితంలో గీసినవాటికంటే చెరిపినవే ఎక్కువగా ఉన్నాయి. రబ్బరు రుద్ది రుద్ది సావిడి గుమ్మం దగ్గర కాగితానికి చిల్లి పడింది. గీద్దామని తలెత్తితే గీయడానికేం లేదు. పాక ముందు పందిరి లేదు, రాశి లేదు, సావిడికి తడికలు లేవు. మొదటి తరగతీ, పుస్తకమూ, అచ్చులో బొమ్మలూ అన్నీ ఆ చిల్లిలోంచి జారిపోతున్నట్టనిపించి ఆమెకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

సావిడి నడుస్తోంది.

రాటల మీది నించి తాటాకు కప్పుని ఉన్నపళాన ఎత్తి, మనుషులు దాని కిందకి దూరి నెత్తిన పెట్టుకున్నారు. ఇవతలికి తలలు కనబడవు, మొండేలు కనబడవు. కప్పూ, కప్పు కింద కాళ్ళూ. పుట్టినప్పటి నించీ ఆ కప్పు కిందే బతికిన గేదె, తన ఇల్లెక్కడికి పోతుంటే అక్కడికే తనూ అన్నట్టు దాని వెనకే వెళుతోంది. గేదె వెనక వీరాయమ్మ, నెత్తి మీద పెనం, పెనం మీద తిరగెయ్యని అట్టు. ఆమె వెనక తాతబ్బాయి, పంచె ఒడినిండా కొబ్బరికాయలతో, ఒకటి ఏరుకుంటే రెండు జారుతూ.

సీతారత్నం లేచి నిలబడి గొంతెత్తి అరిచింది. "అయ్యో, కాస్త ఆగండీ! కదలకండీ!"

"ఆగమంటన్నారు!" అన్నాడు అప్పలరాజు. "పరిగెత్తండ్రోయ్!"

కప్పు పరుగందుకుంది. సీతారత్నం కొత్త కాగితం తీసింది. అట్టముక్క పారేసింది, కొలత పారేసింది, రబ్బరు ఎక్కడ పడిందో చూడనేలేదు. ఏడుపు మరిచిపోయి, నవ్వు ఆపుకోలేక, చెయ్యి ఎటు పోతే అటు గీసింది. గేదె మొహంలో ఆ మర్యాద, వీరాయమ్మ జడముడిలో ఆ కంగారు, పరుగెత్తే కప్పు కింద ఆ కాళ్ళు అన్నీ ఒక్క ఊపులో వచ్చేశాయి. ఇన్నాళ్ళ పాఠాల్లో ఒక్క బొమ్మా ఇలా బతికి రాలేదని ఆమెకే తెలిసిపోయింది.

కామేశ్వరరావు సైకిలు మీద నించి దిగకుండానే కేకేశాడు. "రత్నం! గట్టంతా ఖాళీ అయిపోయిందని ఆఫీసులో ఒకటే గోల. సెలవులో ఉన్న ఓవర్సీరుగారు పరుగున వచ్చి నా వీపు తట్టి వెళ్ళేరు. ఇన్నేళ్ళ నోటీసులకి కదలనిది ఎలా కదిపేవయ్యా అన్నారు. ఇంతకీ నేనేం చేసేను?"

"మీరు పలక తెచ్చేరు" అంది సీతారత్నం. ఆమెకీ అప్పుడప్పుడే సంగతి తెలిసొస్తోంది.

అప్పటికే రామ్మూర్తిగారూ, తాతబ్బాయీ, వీరాయమ్మా వంతెన దాటి వచ్చి అరుగు కింద నిలబడ్డారు. వాళ్ళ వెనక, కనబడకుండా కనబడుతూ అప్పలరాజు. ఖాళీ చేసేశాం గనక కాగితంలో మా పేర్లు తీసెయ్యమని అడగడానికొచ్చారు.

"పేర్లేంటండీ? అది బొమ్మ" అన్నాడు కామేశ్వరరావు. "మా ఆవిడ బొమ్మలు నేర్చుకుంటోంది."

"బొమ్మా?" అన్నారు రామ్మూర్తిగారు.

సీతారత్నం తప్పు చేసిన పిల్లలా పలక ఇటు తిప్పి చూపించింది. వీరాయమ్మ దగ్గరకొచ్చి వంగి చూసింది. "ఓలమ్మో! ఇది నేనే! పెనం నాదే! అట్టు కూడా ఏసేసేరు, నా తల్లి!" అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక అరుగు మీద కూలబడింది. తాతబ్బాయి తన ఒడిలోంచి జారే కాయని వేలితో చూపించి, "ఇది పగిలిపోయిందండి" అని తెలియజేశాడు.

రామ్మూర్తిగారు చాలాసేపు చూశారు. "గేదె బాగా కుదిరిందమ్మా" అన్నారు చివరికి. ఆ తరవాత కామేశ్వరరావు వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మరి మేం... మళ్ళీ పెట్టుకోవచ్చునా?" అన్నారు.

కామేశ్వరరావు అటు ఉద్యోగానికీ ఇటు అరటిపళ్ళకీ నడుమ కాసేపు నలిగాడు. "నేను ఆఫీసు మనిషినండీ, పెట్టుకోమని ఎలా చెప్పను? ఇప్పుడు ఆఫీసులో పలక ఇచ్చేసి పోస్టుకెళ్ళాలి, అటు నించి సినిమాకెళ్ళాలి. తిరిగొచ్చేసరికి చీకటి పడిపోతుంది. చీకట్లో నాకేమీ కనపడదు."

"నాకు ముందే తెలుసు, బొమ్మేనని" అన్నాడు అప్పలరాజు వెనక నించి. తాతబ్బాయి ఒక కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాడు. అప్పలరాజుకి తూము దగ్గర పని గుర్తొచ్చింది.

మర్నాడు ఉదయానికి గట్టు మీద అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. సావిడి మాత్రం రెండో పక్కకి ఒరిగింది.

కొన్నాళ్ళకి మద్రాసు నించి బొమ్మ తిరిగొచ్చింది. సీతారత్నం ముడి విప్పుతూంటే ఆగలేక కామేశ్వరరావే దారం తెంపాడు. బొమ్మ వెనక ఎర్ర పెన్సిలుతో రాసి ఉంది: 'గీతలో ప్రాణం ఉన్నది. కాని ఎదురుగా ఉన్నది ఉన్నట్టు గీయమని కోరినాము. ఇంటి కప్పు కాళ్ళతో పరుగెత్తుట, పశువు దానిని అనుసరించుట, స్త్రీ పెనము నెత్తిన పెట్టుకొని పోవుట ఏ ఊరిలోను జరుగవు. ఇది ఇంట కూర్చొని కల్పించినది. కావున ఉత్తీర్ణత ఇవ్వజాలము.'

సీతారత్నం అరుగు మీద కూలబడింది. ఎదురుగా వీరాయమ్మ అట్లు పోస్తోంది, గేదె నెమరేస్తోంది, రెండూ ఏమీ ఎరగనట్టే. "జరగలేదంటారేవండీ!" అంది సీతారత్నం. "ఊరంతా సాక్ష్యం ఉంటే!"

"ఉండు రత్నం, కింద ఇంకా ఏదో ఉంది" అన్నాడు కామేశ్వరరావు. కాగితం వెలుగుకి పట్టుకుని చదివాడు. 'అయితే పిల్లల పుస్తకమునకు ఇట్టి కల్పనాశక్తియే కావలెను. మొదటి తరగతివారి బొమ్మలు చూచినాము, అన్నియు ఉన్నవి ఉన్నట్టే ఉన్నవి. కనుక ఆ పని మీకే అప్పగించుచున్నాము.'

పుస్తకం అచ్చయి వచ్చింది. సీతారత్నం చూసింది చూసినట్టు గీసిన ఆ ఒక్క బొమ్మ కింద, పెద్దక్షరాలతో, 'అనగనగా ఒక ఊళ్ళో' అని వేశారు.