బెల్లం చక్కెర కాదు

చాముండేశ్వరికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఇరవై రెండేళ్ల కాపురంలో కుమారస్వామి ఒక్కసారి కూడా "నాది తప్పు" అనలేదు. అనకూడదని ఆయన ఒట్టేమీ పెట్టుకోలేదు. ఆ అవసరం రాలేదంతే.

పెళ్లయిన కొత్తలో పెనుకొండలో బంధువుల సీమంతానికని భార్యను వెంటబెట్టుకొని హిందూపురంలో రైలెక్కాడు. కిటికీ పక్కన ఆయన కునుకు తీశాడు. ఆయన్ను నమ్ముకొని ఆమె కూడా తీసింది. కళ్లు తెరిచేసరికి ధర్మవరం. ఇంకొకరైతే నాలుక కరుచుకునేవాళ్లు. కుమారస్వామి ప్లాట్‌ఫాం మీద ఒళ్లు విరుచుకొని, "పెనుకొండలో దిగగూడదని రైల్లోనే డిసైడ్ అయినా" అన్నాడు. స్టేషన్ దగ్గర ఎవరిదో పెళ్లి జరుగుతుంటే లోపలికి పోయి, అక్షింతలు వేసి, భోంచేసి, ఫోటోలో పెళ్లికొడుకు పక్కనే నిలబడ్డాడు. ఇంతటి నిర్ణయశక్తి ఉన్న మనిషి రాజకీయాల్లోకి రాకపోతే జనం నష్టపోతారని ఆమెకు ఆ రోజే తోచింది.

జనం నష్టపోలేదు. ఆయన వచ్చాడు.

ఈమధ్య పార్టీ పెద్దల నుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఎక్కడో పాదయాత్రలో ఇద్దరు నాయకులు మొదటి కిలోమీటరు రాయి దగ్గరే కూలబడితే, వాళ్లను లేపడానికి పాదయాత్రే ఆగిపోయిందట. కాబట్టి ఇకమీదట తొంభై కిలోలు దాటినవాళ్లకు నామినేటెడ్ పదవులు లేవు. కుమారస్వామి కన్ను మార్కెట్ కమిటీ చైర్మన్ కుర్చీ మీద ఉంది. ఒళ్లు నూట నాలుగు కిలోల దగ్గర ఉంది.

ఇది దాచిపెట్టగల సంగతి కూడా కాదు. ప్రతి పుట్టినరోజుకూ అభిమానులు ఆయన్ను పెద్ద త్రాసులో కూర్చోబెట్టి, బెల్లంతో తూచి, ఆ బెల్లాన్ని కాలనీలో పంచుతారు. బకెట్టంత బెల్లం దిమ్మె ఒక్కోటి పది కిలోలు. నిరుడు పది దిమ్మెలు పెట్టినా ఆయన పళ్లెం నేల వదల్లేదు. పదకొండోదాన్ని పగలగొట్టి ముక్క వేస్తే గానీ లేవలేదు. ఆ ముక్క వేస్తున్న ఫోటో పేపర్లో కూడా పడింది.

అందుకే ప్రెస్‌మీట్ పెట్టాడు.

"ఈ క్షణం నుంచి చక్కెర నాకు రాజకీయ శత్రువు," అని ప్రకటించాడు. "అరవై రోజుల్లో, నా పుట్టినరోజు నాటికి, అదే త్రాసులో ఎనభై తొమ్మిది తూగి చూపిస్తా."

"తూగకపోతే?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఆ ప్రశ్న ప్రతిపక్షాన్ని అడగండి."

తర్వాత అందరికీ జిలేబీలు పంచారు. ప్రకటన ఏమిటో తెలియక ముందే ఆర్డరిచ్చినవి. పారేస్తే అన్నాన్ని అవమానించినట్టని నాయకుడు కూడా నాలుగు తిన్నాడు. 'ఈ క్షణం' ఎన్ని గంటలకు మొదలవుతుందో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఇంట్లో చక్కెర డబ్బాకు టేపు చుట్టి, పైన పార్టీ స్టిక్కర్ అంటించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. డబ్బా మూతపడింది కాబట్టి చాముండేశ్వరి కూడా ఆ రోజు నుంచి కాఫీలో చక్కెర మానేసింది. దానికి ప్రెస్‌మీట్ ఎవరూ పెట్టలేదు.

మూడో రోజు పొద్దున కుమారస్వామి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"చాముండీ, ఈ కాఫీ తాగితే ప్రజాసేవ మీదనే విరక్తి పుడతాండాది. రవ్వంత బెల్లం ఎయ్యి."

"బెల్లం గూడా చక్కెరే కదా బావా?"

కుమారస్వామి కిటికీ వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. "బెల్లం మండీ ఉండే హిందూపురంలో కూర్చోని ఆ మాట అంటాండావే! చక్కెర ఫ్యాక్టరీ సరుకు. బెల్లం రైతు చెమట."

"రెండూ చెరుకులో నుంచే వస్తాయి. నేను బీయస్సీ చదివినా."

"నువ్వు బీయస్సీ చదివినావు. నేను పబ్లిక్‌ను చదివినా."

మర్నాడు పేపర్లో "బెల్లం చక్కెర కాదు: కుమారస్వామి" అని వచ్చింది. దాంతో ఉద్యమం ఊపందుకుంది. పెనుకొండలో కొండ ఎక్కే కార్యక్రమం పెట్టారు. కారు పోయినంత దూరం కారులో పోయి, దిగి పన్నెండు మెట్లు ఎక్కి, పదమూడో మెట్టు మీద కాలు పెట్టి ఫోటో దిగాడు. కింద కార్యకర్తలు బెల్లం పొంగలి గంగాళంతో ఎదురు చూస్తున్నారు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఒకాయన ఇంట్లో ఓళిగలు వడ్డించారు. "చక్కెర పలుకు గూడా తగల్లేదు సార్, అంతా బెల్లమే," అని ఇంటావిడ హామీ ఇచ్చింది. రైతు మీద గౌరవంతో ఆయన తొమ్మిది తిన్నాడు.

బరువు చూసుకోవడానికి ఇంట్లో ఒక మిషన్ కొన్నారు. మొదటి పక్షం అది నూట ఆరు చూపించింది. సరుకు మంచిది కాదన్నాడు. రెండోది కొన్నారు. నూట తొమ్మిది. నేల వాలుగా ఉండాదన్నాడు. మూడోది నూట పన్నెండు చూపించింది. ఆయన కుడిభుజం బాలప్ప స్వయంగా విచారణ జరిపి, ఆ మిషన్ అమ్మిన అంగడాయన బామ్మర్ది, ఎదుటి వర్గం నాయకుడు తిప్పేస్వామికి మనిషని తేల్చాడు. మూడు మిషన్లూ వసారాలో చెప్పుల పక్కకు చేరాయి.

ఒకరోజు వసారా ఊడుస్తూ చాముండేశ్వరి మూడింటి మీదా ఎక్కి దిగింది. మూడూ అరవై ఒకటే అన్నాయి. రెండు నెలల కిందట ఆసుపత్రిలో చూసినప్పుడు అరవై ఏడు. ఆ సాయంత్రం ఆమె గాజులు మోచేతి దాకా జారడం చూసి కుమారస్వామి కంగారుపడ్డాడు.

"ఏమే, ఒంట్లో బాగలేదా? రవ్వంత బెల్లం తినరాదా?"

తిప్పేస్వామిదీ అదే పార్టీ, రెండో వర్గం. ఆయన కన్నూ అదే కుర్చీ మీద. తడి బట్టలతో తూచినా యాభై ఎనిమిది దాటడు, అంటే పుట్టుకతోనే అర్హుడు. ఊరికే కూర్చున్నా సరిపోయేది. కానీ ఆయన కూడా ప్రెస్‌మీట్ పెట్టి, "కుమారస్వామి తగ్గించేది ఒళ్లు కాదు, పేదోళ్ల బెల్లం!" అన్నాడు.

మరునాడే కాలనీ నుంచి సుంకమ్మ పదిమంది ఆడవాళ్లతో వచ్చి వాకిట్లో కూర్చుంది.

"ఏమన్నా, సన్నబడతాండావంట? మేమేం పాపం చేసినాము?"

"ఎవరు చెప్పినారు సుంకక్కా?"

"పేపర్లో ఏసినారంట కదా. పోయినేడు మా ఇంటికి అరకిలో వచ్చె. నువ్వు సన్నబడితే పావుకిలో చేతిలో పెడతారేమో! ఆ తిప్పేస్వామిని తూచితే ఆరు దిమ్మెలు గూడా రావు. అట్లాంటోన్ని లీడరని ఎట్లనుకోవాల? నిన్ను చూసినాకనే కదన్నా మాకు ధైర్యం!"

కుమారస్వామి కళ్లు చెమర్చాయి. ఒక మనిషి ఒంటి మీద జనానికి ఇంత ఆశ ఉంటుందని ఆయన ఊహించలేదు. "నా పానం ఉండేంతవరకూ మీ బెల్లం గ్రాము తగ్గదు," అని మాటిచ్చాడు. సాయంత్రానికి ఫ్లెక్సీలు లేచాయి: 'తగ్గేది బరువు, తగ్గనిది బెల్లం.'

ఇదెట్లా సాధ్యమో బీయస్సీ చదివిన చాముండేశ్వరికి అంతుపట్టలేదు. పదో తరగతి మూడుసార్లు రాసిన బాలప్పకు పట్టింది.

పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆమె చూసింది. బాలప్ప పెద్ద గంగాళంలో బెల్లం కరిగించి బకెట్లలో పోస్తున్నాడు. ప్రతి బకెట్లోనూ మధ్యలో ఐదు కిలోల ఇనుప తూకం రాయి వదులుతున్నాడు. ఇట్లా పోసిన దిమ్మె చూడ్డానికి మామూలు దిమ్మెలాగే ఉంటుంది, రాయి పట్టిన చోటుకు కిలో బెల్లం పోను తూగేది పద్నాలుగు కిలోలు.

"ఎనిమిది పద్నాలుగులు నూట పన్నెండక్కా," అని బాలప్ప వివరించాడు. "సార్ సమానంగా తూగుతాడు. పైనుంచి వచ్చే పరిశీలకుడు దిమ్మెలు లెక్కబెట్టుకుంటాడు. ఎనిమిది పదులు ఎనభై!"

"మరి సుంకమ్మోళ్లకు?"

"పబ్లిక్‌కు తర్వాత చెప్దాం లేక్కా."

చాముండేశ్వరి తడి చీర తీగ మీద వేసి, గంగాళం పక్కనే నిలబడి చూస్తున్న మొగుడి వైపు తిరిగింది. "బావా, ఇది బయటపడితే నీ పని అయిపోతాది. పార్టీ నుంచి గెంటేస్తారు."

"బయటపడదు."

"పడితే?"

కుమారస్వామి గంగాళం అంచున ఉన్న పాకం వేలితో తీసి నాకాడు. "బయటపడి నాకేమన్నా అయ్యిందనుకో, నాది తప్పని అందరి ముందరా మైకులో చెప్తా. ఏమీ కాలేదనుకో, నువ్వు చెప్పల్ల."

"ఒట్టా?"

"ఒట్టు."

చాముండేశ్వరి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆలోచిస్తున్నది అదే.

పుట్టినరోజు పొద్దున ఆమె పట్టుచీర కట్టింది. ఫోన్ నూరు శాతం ఛార్జింగ్ పెట్టింది. చేతిసంచిలో పూలు, హారతి కర్పూరం, వాటి కింద రోటి దగ్గరి గుండ్రాయి పెట్టుకుంది. మైదానంలో ముందు వరుసలో, సుంకమ్మ పక్కన కూర్చుంది.

పార్టీ పరిశీలకుడు దేవసహాయం చిన్న నోటుబుక్కుతో వేదిక మీద కూర్చున్నాడు. "ఒక్కో దిమ్మె ఎంత ఉంటుంది?" అని అడిగాడు.

"పది కిలోలు సార్. హిందూపురంలో ఎవరినడిగినా చెప్తారు," అన్నాడు బాలప్ప. అది నిజమే కూడా.

కుమారస్వామి దండం పెట్టి పూలు కట్టిన త్రాసులో కూర్చున్నాడు. అవతలి పళ్లెంలో ఒకటి, రెండు, మూడు... ఒక్కో దిమ్మెను ఇద్దరేసి మోసుకొచ్చి పెట్టారు. పది కిలోలకు ఇద్దరెందుకని ఎవరికీ అనుమానం రాలేదు. అది భక్తి అనుకున్నారు. ఎనిమిదోది పెట్టగానే కుమారస్వామి గాల్లోకి లేచాడు. త్రాసు సమానంగా నిలిచింది.

"ఎనభై!" అని మైకు అరిచింది. డప్పులు మోగాయి. అరవై రోజుల్లో ఇరవై నాలుగు కిలోలు! దేవసహాయం రాసుకున్నాడు. ఎనభై కిలోల కుమారస్వామి కిందికి దిగుతుంటే పళ్లెం ఒరగకుండా నలుగురు పట్టుకున్నారు.

సుంకమ్మ మొహం వాడిపోయింది. "ఎనిమిదేనా? సచ్చినాం పో!"

"ఏం చేస్తాం సుంకమ్మా," అని చాముండేశ్వరి ఓదార్చింది. "ఉన్నదాన్నే ఈడనే పగలగొట్టి పంచుకోండి. ఇంటిదాకా ఎవరు మోస్తారు?" అని సంచిలో నుంచి గుండ్రాయి తీసి చేతికిచ్చింది.

సుంకమ్మ కొంగు బిగించి, దిమ్మె మీద కోపమంతా చూపించింది. మూడో దెబ్బకు ఠంగుమంది. బెల్లం రెండుగా విచ్చుకొని, లోపలి నుంచి నల్లటి తూకం రాయి దొర్లి దేవసహాయం బూటు దగ్గర ఆగింది.

డప్పులు ఆగిపోయాయి. చాముండేశ్వరి ఫోన్‌లో రికార్డింగ్ నొక్కింది.

కుమారస్వామి మెల్లగా మైకు ముందుకు వచ్చాడు. చెమట తుడుచుకున్నాడు. "సోదర సోదరీమణులారా! తప్పు..."

ఆమె ఫోన్‌ను ఇంకాస్త పైకెత్తింది.

"...తప్పు జరిగింది. ఎవరు చేసినా వదిలిపెట్టను! ఇప్పుడే విచారణ కమిటీ వేస్తాండా. చైర్మన్ బాలప్ప!"

బాలప్ప లేచి దండం పెట్టాడు. చప్పట్లు మొదలయ్యాయి. ఈలోగా సుంకమ్మ తూకం రాయిని ఎత్తి, బరువు చూసి, కొంగులో కట్టేసుకుంది. "రాయి గూడా మాకేనా అన్నా?"

కుమారస్వామికి అర సెకను పట్టింది. "మీకేనక్కా! మీ బెల్లం తగ్గనియ్యనని మాటిచ్చినా కదా. బెల్లంతో పాటు తూకం రాయి. ఇంటికొకటి!"

జనం మిగతా ఏడు దిమ్మెల మీద పడ్డారు. ఠంగు, ఠంగు. ఇళ్లు రెండు వందలు, రాళ్లు ఎనిమిది; ఆ తేడా సంగతి అప్పుడెవరూ ఎత్తలేదు. "వచ్చేసారి లోపల కుక్కర్ పెట్టన్నా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. కుమారస్వామి జై కొట్టించుకున్నాడు.

దేవసహాయం మాత్రం నవ్వలేదు. నోటుబుక్కు మూసి, కుమారస్వామిని వేదిక చివరకు పిలిచాడు. సస్పెన్షన్ అన్న మాట చెవులారా విందామని చాముండేశ్వరి ఫోన్ పట్టుకొని దగ్గరికి పోయింది.

"మీ అసలు బరువెంత?"

"నూట పన్నెండు సార్," అన్నాడు కుమారస్వామి నేల చూస్తూ.

"వెయ్యి మంది ముందర నా చేత ఎనభై అని రాయించారు."

"సార్..."

"బయటపడ్డాక కూడా చప్పట్లు కొట్టించారు."

"సార్, ఈ ఒక్కసారికి..."

దేవసహాయం నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పాడు. "ఈ జిల్లాలో మన సభ్యత్వం నెలాఖరుకు రెండు లక్షలు చూపించాలి. చేరింది నలభై వేలు. మార్కెట్ కమిటీ తిప్పేస్వామికి ఇచ్చేద్దాం. పాపం, ఆయన నిజంగానే యాభై ఎనిమిది. మీరు జిల్లా సభ్యత్వ నమోదు ఇన్‌చార్జిగా రండి. కారు, ఆఫీసు ఉంటాయి. ఆ బాలప్పను కూడా తెచ్చుకోండి."

కుమారస్వామి భార్య వైపు తిరిగాడు. చేతిలో బెల్లం ముక్క ఉంది. "ఏమే చాముండీ, పందెం?"

ఫోన్ ఇంకా రికార్డ్ చేస్తూనే ఉంది. ఆమె నోట్లోనే ఏదో గొణిగింది.

"వినపడలే. మైకులో అనుకున్నాం కదా!"

చాముండేశ్వరి మైకు ముందుకు నడిచింది. నాయకుడి భార్య మాట్లాడుతుందని జనం బెల్లం పగలగొట్టడం ఆపి చూశారు. ఆమె కొంగు సర్దుకుంది. గాజులు మోచేతి దాకా జారాయి.

"నాదే తప్పు బావా," అంది. "నిజం బయటపడితే నీ పని అయిపోతాదనుకొంటి."